ఆయన కూడా వస్తారా?

"నువ్వు ఊళ్లో లేవనీ, ఎప్పుడొస్తావో తెలీదనీ చెప్పాడమ్మా మీ ఆయన! నువ్వు ఈ గోడకి అవతలే గిన్నెలు కడుగుతున్నావు. నా రెండు చెవులతో విన్నాను."

టైలరమ్మ ఆ మాట అనేసి మిషను చక్రం మీద అరచెయ్యి ఆనించి ఆపింది. సగం కుట్టిన జాకెట్టు చెయ్యి సూది కింద వేలాడుతోంది.

వయొలినమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఎవరు వదినా ఫోన్ చేసింది?"

"ఎవరో ఏజెంటట. తమ్ముడు స్నానానికి వెళ్లగానే ఆ నంబరుకి నేనే తిరిగి చేశాను. మొన్న నీ కచేరీకి వచ్చిందట, వెనక వరసలో కూచుందట. పాడేవాళ్లకీ వాయించేవాళ్లకీ కచేరీలు కుదిర్చి పెడుతుందట. నీ పనులు కూడా చూస్తానంటోంది. ఇవాళ సాయంత్రం నాలుగింటికి రమ్మన్నాను."

"ఆయనకి చెప్పారా?"

"నాకు చెప్పకుండా వాడు అబద్ధమాడితే, వాడికి చెప్పకుండా నేను నిజం చెప్పాను. సరికి సరి."

టైలరమ్మకి అప్పుడే భయం కూడా వేసినట్టుంది. గొంతు తగ్గించింది. "తమ్ముడే, కాదనను. కానీ ఎంత మర్యాదగా అబద్ధమాడాడనుకున్నావు! వాడు ఫోన్లో అంత మెత్తగా మాట్లాడ్డం నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. అది చూసే నాకు ఒళ్లు మండింది."

ఆ వీధిలో ఎవరికీ ఆ ఇంటివాళ్ల అసలు పేర్లు పట్టవు. ఆమె వయొలినమ్మ. ఆమె ఆడపడుచు టైలరమ్మ. వయొలినమ్మ భర్త మేనేజరు. ఆయన మేనేజరీ ఏ ఆఫీసులోనూ కాదు, భార్యకే. తేదీలు ఒప్పుకునేది, టిక్కెట్లు కొనేది, వయొలిన్ పెట్టె మోసేది, హాలు వాళ్లతో దెబ్బలాడేది అంతా ఆయనే. ఎవరైనా వేళాకోళంగా 'ఏం మేనేజరు గారూ' అని పిలిచినా నిజంగానే మురిసిపోతాడు.

మొన్న ఆ దెబ్బలాట వేదిక మీదికే ఎక్కింది. ఆమె రాగం మొదలుపెట్టి, కళ్లు మూసుకుని, ఒక పొడుగాటి స్వరం మీద నిలబడి ఉంది. మైకు కొద్దిగా గురగురలాడింది. అంతే, మేనేజరు తెర పక్కనుంచి చరచరా నడిచొచ్చి, నిండు సభ ముందు మైకతన్ని నిలబెట్టి తిట్టాడు. జనంలో ఎవరో నవ్వారు. ఆమె వయొలిన్ కమాను దించి ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ ఎత్తలేదు.

ఆనాటి నుంచి ఇంట్లోనూ ఎత్తలేదు. పొద్దున్నే సాధన వినిపించకపోతే టైలరమ్మకి కుట్లు వంకర పోతున్నాయట. ఆ కచేరీ ఊసు మాత్రం ముగ్గురిలో ఎవరూ ఎత్తలేదు.

స్నానాల గది తలుపు తెరుచుకుంది. మేనేజరు తల తుడుచుకుంటూ వచ్చి ఇద్దర్నీ చూశాడు.

"ఏమిటలా చూస్తున్నారు? ఎవరైనా పోయారా?"

"నేనే పోయాను," అంది వయొలినమ్మ. "ఊరికి. ఎప్పుడొస్తానో కూడా తెలీదట కదా."

ఆయన తువ్వాలు తల మీదే ఉంచుకుని, దాని చాటునుంచి అన్నాడు. "అక్క చెప్పిందా?"

టైలరమ్మ మిషను తొక్కడం మొదలుపెట్టింది. దారం తెగింది.

*

ఏజెంట్ సరిగ్గా నాలుగింటికి వచ్చింది. ముప్పై అయిదు దాటని మనిషి. హెల్మెట్ ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లోనే పెట్టుకుని కుర్చీ అంచున కూచుంది. టైలరమ్మ టీ తెచ్చి ఇచ్చి, లోపలికి వెళ్తున్నట్టు నటించి తలుపు దగ్గరే ఆగిపోయింది.

"అమ్మా, మొన్న మీరు ఆపేసిన ఆ స్వరం నా చెవుల్లో ఇంకా అలాగే ఉంది," అంది ఏజెంట్. "మిగతాది వినాలి. అందుకే వచ్చాను."

వయొలినమ్మ కళ్లు దించుకుంది. ఆ కచేరీ గురించి ఆమెతో ఎవరైనా మాట్లాడ్డం అదే మొదలు.

"ఊరికే వినాలంటే టిక్కెట్టు కొనుక్కోవచ్చు," అన్నాడు మేనేజరు. "ఏజెంటెందుకు?"

"నిజమే సార్. ఏజెంటు ఉన్నంత మాత్రాన వాయిద్యం బాగా పలకదు. కొందరికి నేనే వద్దని చెప్తాను. ఊళ్లో పాఠాలు చెప్పుకుంటూ, ఏడాదికి నాలుగు కచేరీలు చేసుకుంటూ హాయిగా ఉండేవాళ్లకి నాతో పని లేదు. అమ్మగారి సంగతి అది కాదు. ఆవిడ వాయించాల్సిన చోట్లు వేరే ఉన్నాయి."

"ఆ చోట్లు మాకు తెలీవనా?"

"తెలుసు సార్. తలుపులే తెరుచుకోవడం లేదు."

మేనేజరు నవ్వాడు. కోపం వచ్చినప్పుడు ఆయన నవ్వే నవ్వు అది. "మీకు తెరుస్తారు కాబోలు. మీ వాటా మాత్రం మీరు మర్చిపోరు."

"మర్చిపోను. ఒప్పందం కాగితంలో రాసే ఉంది. నచ్చకపోతే ఏడాదిలో వదిలించుకోవచ్చని కూడా రాసి ఉంది." ఆమె వయొలినమ్మ వైపు తిరిగింది. "ఒకటే షరతమ్మా. మీ తరఫున ఒక్క గొంతే మాట్లాడాలి. ఫోన్లన్నీ నాకే రావాలి. హాలు వాళ్లతో, మైకు వాళ్లతో, ఎవరితోనైనా సరే, నేనే మాట్లాడాలి."

"మరి నేను?" అన్నాడు మేనేజరు.

ఏజెంట్ హెల్మెట్ తీసి కుర్చీ కింద పెట్టింది.

"ఇక్కడికి వచ్చేముందు మూడు హాళ్ల వాళ్లని అడిగాను సార్. అమ్మగారి పేరు చెప్పగానే ముగ్గురూ సంతోషించారు. తర్వాత ముగ్గురూ ఒకే మాట అడిగారు."

"ఏమని?"

"'ఆయన కూడా వస్తారా?' అని."

తలుపు దగ్గర టైలరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముణ్ని పొద్దున్నుంచీ తిడుతున్న మనిషే, ఆ మాట పరాయి నోట వినేసరికి తట్టుకోలేకపోయింది.

ఏజెంట్ తిట్టి ఉంటే మేనేజరు తిరిగి తిట్టేవాడు. కానీ ఆమె ఆ మాట ఎంతో నొచ్చుకుంటూ చెప్పింది. నొచ్చుకుంటూ చెప్పినదానికి ఏం బదులు చెప్పాలో ఆయనకి ఎవరూ నేర్పలేదు.

చివరికి వేరే గొంతుతో అడిగాడు. "వేదిక ఎక్కేముందు ఆవిడ ఎవరితోనూ మాట్లాడదు. తెలుసా మీకు?"

"తెలీదు. చెప్పండి."

"పూలగుత్తులు పట్టుకుని లోపలికి వచ్చేస్తారు. ఆపాలి. వేన్నీళ్ల గిన్నె ఉండాలి, వేళ్లకి. మరీ వేడిగా కాదు. ఏసీ గాలి తిన్నగా తగిలిందంటే తీగలు దిగిపోతాయి. కుర్చీకి చేతులుండకూడదు. తిండి కచేరీ అయ్యాకే. ముందు బతిమాలినా తినదు, తర్వాత మాత్రం పిల్లలా ఆకలంటుంది. అప్పటికి హోటళ్లు మూసేస్తారు. ముందే తెచ్చి ఉంచాలి."

చెప్తూ చెప్తూ ఆయన ముందుకి వంగాడు. మొహంలో వెలుగు వచ్చింది. ఇన్నేళ్లలో ఆ సంగతులు ఆయన్ని ఎవరూ అడగలేదు. ఏజెంట్ బుద్ధిగా తన ఫోన్లో రాసుకుంటోంది.

ఆ రాసుకోవడం చూసి ఆయన చప్పున ఆగిపోయాడు.

"అన్నీ చెప్పేస్తున్నానే," అన్నాడు నెమ్మదిగా. "ఇదంతా మీకు తెలిసిపోతే ఇంక నేనెందుకు?"

ఏజెంట్ రాయడం ఆపింది. వయొలినమ్మ ఏదైనా అంటుందేమోనని ముగ్గురూ చూశారు.

వెళ్లబోతూ గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఏజెంట్ మామూలుగా అంది. "మీ గురువుగారు వాయించిన పెద్ద హాలు ఉంది కదమ్మా, వాళ్లు మళ్లీ అడుగుతున్నారు. వరసగా మూడు సాయంత్రాలు, మూడూ మీవే. పోయినేడు మీరు కుదరదన్నా వాళ్లేం మనసులో పెట్టుకోలేదు."

"నేనా?" అంది వయొలినమ్మ.

ఏజెంట్ ఆమెని చూసింది. తర్వాత ఆమె వెనక నిలబడ్డ ఆయన్ని చూసింది. తను ఎక్కడ కాలు పెట్టిందో అప్పుడు అర్థమైంది.

"శుక్రవారం దాకా ఆలోచించుకోండి. తొందరేం లేదు," అని కాగితం వయొలినమ్మ చేతిలో పెట్టి గబగబా మెట్లు దిగిపోయింది.

*

"ఒరేయ్, ఆ హాలు సంగతేమిట్రా?" అంది టైలరమ్మ.

"అక్కా, నువ్వు లోపలికి వెళ్లు."

"వెళ్లను. ఇది నా ఇల్లు కూడా."

"వెళ్లండి వదినా," అంది వయొలినమ్మ. ఆ గొంతు విని టైలరమ్మ మారుమాట లేకుండా వెళ్లిపోయింది.

గదిలో ఇద్దరే మిగిలారు. టీ కప్పు మీద మీగడ తరక కట్టింది.

"నన్ను అడిగారా వాళ్లు?"

"అడిగారు."

"మూడు సాయంత్రాలు?"

"మూడే."

"మా గురువుగారి హాలు. అక్కడ ఒక్కసారి వాయించి చచ్చిపోయినా చాలని మీతో ఎన్నిసార్లు అన్నాను?"

"చాలాసార్లు."

"ఎందుకు వద్దన్నారు? బస బాగా లేదా? పేరు చిన్న అక్షరాల్లో వేస్తామన్నారా?"

"అవేం కాదు."

"మరి?"

ఆయన కిటికీ దగ్గరికి వెళ్లాడు. బయట చూడ్డానికేం లేదు. ఎదురింటి పిట్టగోడ మీద ఆరేసిన దుప్పటి ఉంది. దాన్నే చూశాడు.

"తబలాకి వాళ్లే ఒకణ్ని పెట్టుకున్నారు."

"అయితే?"

"వాడు నా దగ్గర నేర్చుకున్నవాడు."

"మరి మంచిదే కదా. మీ శిష్యుడేగా!"

"అందుకే."

ఆమెకి ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది.

ఒకప్పుడు ఆమె పక్కన తబలా మీద కూచునేది ఆయనే. ఆమె ఎక్కడ ఊపిరి పీలుస్తుందో తెలుసుకుని అక్కడ దెబ్బ ఆపేవాడు. ఒక ప్రయాణంలో రైలు దిగుతూ మెట్టు జారాడు. వయొలిన్ పెట్టె నేలకి తగలకుండా మణికట్టు అడ్డం పెట్టాడు. పెట్టె మీద గీత కూడా పడలేదు. మణికట్టు మాత్రం మళ్లీ తబలాకి పనికిరాలేదు. ఆ సంగతి ఆయన ఏనాడూ ఎత్తి చూపలేదు. ఆమె ఏనాడూ మర్చిపోలేదు. ఆ తర్వాతే ఆయన మేనేజరయ్యాడు.

"వాడు నీ పక్కన కూచుంటాడు," అన్నాడు ఆయన కిటికీతోనే. "బాగా వాయిస్తాడు కూడా. నాకంటే బాగా. నేను తెర పక్కన నిలబడి అది చూడాలి. చూడలేననిపించింది. ఫోన్లో నోటికి 'కుదరదు' అని వచ్చేసింది. పెట్టేశాక మళ్లీ చేద్దామనుకున్నాను. రేపు, రేపు అనుకుంటూ ఉండగానే వాళ్ల తేదీలు అయిపోయాయి."

"నాకు చెప్పి ఉంటే?"

"నీకు చెప్తే నువ్వే మానేసేదానివి. నా కోసం. అది ఇంకా ఘోరం."

"ఓహో. అందుకని నా తరఫున మీరే మానేశారు."

ఆయన కిటికీ చువ్వ పట్టుకున్నాడు.

"నాకు యాభై రాబోతున్నాయండీ. పొద్దున లేచేసరికి ఈ చిటికెనవేలు ముడుచుకునే ఉంటోంది. తెలుసా మీకు? రోజూ వేన్నీళ్లలో పెట్టి సాగదీసుకుంటున్నాను. ఇంకా ఎన్నాళ్లు సాగుతుందో తెలీదు. ఈ ఉన్న నాలుగేళ్లూ 'ఆయన కూడా వస్తారా' అని జనం జడుసుకుంటూ ఉంటే, నేనెప్పుడు వాయిస్తాను?"

"చిటికెనవేలా?" ఆయన గిరుక్కున తిరిగాడు. "నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఉన్న కచేరీలు కూడా మాన్పిస్తారని."

ఆ మాటకి ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకే మంచం మీద పడుకుని, ఒకే కంచం పక్కన కూచుని తింటూ, ఇద్దరూ ఒకరికొకరు ఎన్ని దాచుకున్నారో అప్పుడే తెలిసింది. ఇంకో రోజైతే నవ్వు వచ్చేదేమో.

"ఆ అమ్మాయిని పెట్టుకుందామండీ," అంది ఆమె. "నాకు కావాలి."

"పెట్టుకో. మరి నేనేం చెయ్యను?"

"నాకు మొగుడిగా ఉండండి."

"అదేం ఉద్యోగమే!" అన్నాడు. హాస్యానికే అనబోయాడు, కానీ అలా వినిపించలేదు. "పొద్దున లేచి ఎవరికి ఫోన్ చెయ్యను? ఎవరితో దెబ్బలాడను? నీ పెట్టె ఎవరో మోస్తుంటే నేను గుమ్మంలో నిలబడి టాటా చెప్పాలా? ఈ చెయ్యి..."

ఆగిపోయాడు.

"అనండి," అంది ఆమె. "ఇన్నేళ్లూ అనలేదు. ఇవాళ అనేయండి. 'నీ పెట్టె కోసం నా చెయ్యి పోగొట్టుకున్నాను' అనండి. అంటే నేను ఆ కాగితం ఇప్పుడే చింపేస్తాను."

ఆయన పెదాలు కదిలాయి. ఆమె కళ్లు ఆర్పకుండా చూస్తూ నిలబడింది. ఆ మాట వస్తే అన్నీ తేలిపోతాయి. ఏజెంట్ రాదు, పెద్ద హాలు రాదు, ఇల్లు ఎప్పట్లాగే ఉంటుంది, తను జీవితాంతం ఆయన్ని క్షమించదు.

ఆయన అనలేదు. పక్క గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

రాత్రి భోజనాల దగ్గర టైలరమ్మ ఒక్కతే మాట్లాడింది. ఎవరి జాకెట్టో బిగుతయిందట, కొలతలు తప్పు కాదట, ఆవిడే లావెక్కిందట. ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా కంచం ఎత్తుకుని లేచిపోయింది.

*

మర్నాడు పొద్దున్న వయొలినమ్మ పెట్టె తెరిచింది. తీగలు బాగా దిగిపోయి ఉన్నాయి. చెవి దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే బిగిస్తూ శ్రుతి చేసుకుంటోంది. చిటికెనవేలు ఇంకా మొరాయిస్తూనే ఉంది.

వసారాలో ఆయన ఫోన్ మోగింది.

"ఆఁ, నమస్కారమండీ. పెద్ద హాలు నుంచా? అవునండీ, ఇదే నంబరు."

ఆమె చెయ్యి తీగ బిగించే బిరడా మీదే ఆగిపోయింది.

"లేదండీ. ఆవిడ కార్యక్రమాలు ఇప్పుడు నేను చూడ్డం లేదు. ఒక ఏజెంటు గారున్నారు. నంబరు చెప్తాను, రాసుకోండి." ఒక్కో అంకె విడివిడిగా చెప్పాడు. రెండోసారి కూడా విసుక్కోకుండా చెప్పాడు. "తప్పకుండా వస్తుందండీ. మూడు రోజులూ వాయిస్తుంది. తబలాకి ఆ అబ్బాయే ఉన్నాడా? ఉంచండి, ఉంచండి. చాలా మంచివాడు. లేదండీ, ఆవిడతో ఇంకెవరూ రారు."

అవతలివాళ్లు ఏదో అడిగారు.

"నేనా అండీ? నేను... ఈ ఇంట్లోనే ఉంటాను."

ఫోన్ పెట్టేసి ఇటు తిరిగేసరికి ఆమె గుమ్మంలో ఉంది. ఒక చేతిలో వయొలిన్, ఒక చేతిలో కమాను.

"నేనింకా సంతకం పెట్టలేదు," అంది.

"పెడతావుగా."

"ఎవరు చెప్పారు? శుక్రవారం దాకా గడువుంది. రాత్రంతా ఆలోచిస్తూనే ఉన్నాను. ఏదో ఒక దారి... ఇద్దరం కలిసి..." ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. "పోయినేడు నన్నడక్కుండా వద్దన్నారు. ఇవాళ నన్నడక్కుండా సరే అన్నారు. వదులుకోవడం కూడా మీరొక్కరే నిశ్చయించేశారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నన్నడిగితే మీ సొమ్మేం పోయేది?"

ఆయన ఆ మాటలన్నీ నిలబడి విన్నాడు. దెబ్బలాడలేదు. దెబ్బలాడితే బాగుండునని ఆమెకి అనిపించింది.

"అడిగితే నా మొహం చూసి వద్దంటావు," అన్నాడు. "అది నాకు తెలుసు. నువ్వు వద్దంటే నేను 'సరే నీ ఇష్టం' అని ఊరుకుంటాను. అదీ నాకు తెలుసు. అందుకని అడగలేదు."

కాదంటే అబద్ధమవుతుందని ఆమెకీ తెలుసు.

టైలరమ్మ లోపలినుంచి వచ్చి ఇద్దరి మధ్య నిలబడింది. ఎవరి వైపు తిరగాలో తెలీక తమ్ముడి చొక్కా మీద ఉన్న దారప్పోగు తీసి పారేసింది.

ఆయన చెప్పులు వేసుకున్నాడు.

"ఎక్కడికండీ ఈ టైములో?" అంది వయొలినమ్మ.

ఆయన గేటు గడియ తీశాడు. తీసి, అక్కడే ఆగి వెనక్కి చూశాడు. నిజంగానే ఆలోచించుకుని చెప్పాడు.

"తెలీదే. రోజూ ఈ టైముకి నీ పని ఉండేది."